గుడ్డు అడ్డం తిరిగితే... బందీ పాముల్లో ప్రసవ సమస్యలు: గుర్తింపు, చికిత్స



సరీసృపాల ప్రత్యుత్పత్తి గురించి మీరు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు. ఆ పుస్తకాల్లో సాధారణంగా కనిపించని ఒక విషయాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం. సూరత్ నగరంలోని డిండోలిలో ఒక తరగతిలో పాఠం చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, పాముకు కూడా కాన్పు కష్టమవుతుందా?" అని అడిగింది. తరగతి అంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకు కొన్ని రోజుల ముందే అలాంటి పామును నేను కళ్లారా చూశాను.

అది మే నెల. డిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో కరీంనగర్, సిరిసిల్ల, నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మన చేనేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయని మీకు తెలుసు. అక్కడ ఒక మరమగ్గాల షెడ్డు వెనక, చిత్తునూలు కుప్పలో, ఆరడుగుల పాము కనిపించింది. మనవాళ్లు జెర్రిపోతు అన్నారు. పక్కనున్న గుజరాతీ మేస్త్రీ 'ధామణ్' అన్నాడు. రెండూ ఒకే పాము పేర్లు. దానికి విషం లేదు. ఎలుకలను తిని బతుకుతుంది. ఎవరో ధైర్యం చేసి దాన్ని పట్టి, ప్లాస్టిక్ పీపాలో వేసి, మూతకు చిల్లులు పొడిచి, వచ్చినవారికల్లా చూపిస్తూ ఎనిమిది రోజులు ఉంచారు. నాలుగో రోజున అది ఐదు గుడ్లు పెట్టింది. "పెట్టేసింది, ఇక గండం గడిచింది" అనుకున్నారు. ఎనిమిదో రోజున నన్ను పిలిచారు. పాము కదలడం లేదు. తోక వైపు పొట్టలో మూడు ఉబ్బులు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"గుడ్లు ఇంకా లోపలున్నాయి కదా?" అన్నాను. "పోతుకు గుడ్లేమిటండీ, ఆ ఐదూ ఎలా పెట్టిందో అనే మేం ఆశ్చర్యపోతున్నాం" అన్నాడు ఒక పెద్దాయన. పేరులో 'పోతు' ఉంది కాబట్టి ఇది మగపాము అనీ, ఆడ నాగుపాముతో జతకడుతుందనీ మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. జెర్రిపోతు, నాగుపాము వేర్వేరు జాతులు. ప్రతి జాతిలోనూ ఆడ, మగ ఉంటాయి. ఒక పేరు మీద పెట్టుకున్న నమ్మకం వల్ల, కళ్లముందున్న లక్షణాన్ని కూడా ఎవరూ గుర్తించలేదు. ఆ పాము కథకు మళ్లీ వద్దాం. ముందు అసలు విషయం తెలుసుకుందాం.

పాములన్నీ గుడ్లు పెడతాయా?

పెట్టవు. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీటిపాము, కొండచిలువ గుడ్లు పెడతాయి. వీటిని అండోత్పాదకాలు అంటాం. రక్తపింజర, రెండుతలల పాము, పసిరికపాము నేరుగా పిల్లలను కంటాయి. వీటిని శిశూత్పాదకాలు అంటాం. నాగుపాము ఒక కాన్పులో సాధారణంగా 12 నుంచి 30 గుడ్లు పెడుతుంది. జెర్రిపోతు అంతకంటె తక్కువ పెడుతుంది. కొండచిలువ పెద్దదైన కొద్దీ గుడ్ల సంఖ్య పెరుగుతుంది. పిల్లలను కనే పాముల్లో కూడా ప్రసవం ఆగిపోవచ్చు గాని, ఈ పాఠంలో గుడ్లు పెట్టే పాములకే పరిమితమవుదాం.

లోపల ఏం జరుగుతుంది?

ఆడపాము శరీరంలో రెండు స్త్రీబీజకోశాలు ఉంటాయి. శరీరం సన్నగా, పొడవుగా ఉంటుంది కాబట్టి అవి పక్కపక్కన ఉండవు. కుడివైపుది కాస్త ముందుకు, ఎడమవైపుది కాస్త వెనక్కు ఉంటాయి. వాటి నుంచి విడుదలైన అండాలు స్త్రీబీజవాహికల్లోకి చేరతాయి. అక్కడే వాటి చుట్టూ పెంకు ఏర్పడుతుంది. పాము గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండదు. తోలుకాగితంలా మెత్తగా, వంగేటట్టు ఉంటుంది. గుడ్లు వాహికలో ఒకదాని వెనక ఒకటిగా, దారానికి గుచ్చిన పూసల్లా వరుసగా ఉంటాయి. వాహిక గోడల్లోని కండరాలు సంకోచిస్తూ వాటిని వెనక్కు నెడతాయి. చివరకు అవి అవస్కరం ద్వారా బయటకు వస్తాయి. మలం, మూత్ర వ్యర్థాలు, గుడ్లు అన్నింటికీ బయటి ద్వారం ఆ ఒక్కటే అని గుర్తుంచుకోండి.

గుడ్లతో ఉన్న పాము చాలాసార్లు ఆహారం మానేస్తుంది. ఎక్కువసేపు వెచ్చని చోట ఉంటుంది. అనేక జాతులు గుడ్లు పెట్టడానికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల ముందు ఒకసారి కుబుసం విడుస్తాయి. తరవాత అనువైన చోటు కోసం వెతుకుతూ అటూ ఇటూ తిరుగుతాయి. ఎలుక బొరియ, ఎండుటాకుల కుప్ప, పాత పుట్ట, ఇటుకల సందు వంటి చీకటిగా, కాస్త తేమగా, వెచ్చగా ఉండే చోటు వాటికి కావాలి. ఇవన్నీ సహజ లక్షణాలే. పాము తినడం మానేసినంత మాత్రాన జబ్బు చేసిందని అనుకోకూడదు.

ఇంకో అపోహ కూడా ఉంది. "మగపాము లేకుండా ఒక్కదాన్నే ఉంచాం, ఇక గుడ్లెలా వస్తాయి?" అని కొందరు అంటారు. ఆడపాము తన శరీరంలో శుక్రకణాలను నెలల తరబడి నిలవ ఉంచుకోగలదు. అసలు జతకట్టకపోయినా ఫలదీకరణ చెందని గుడ్లు ఏర్పడవచ్చు. కాబట్టి ఒంటరిగా ఉన్న ఆడపాముకు కూడా ఈ సమస్య రావచ్చు.

గుడ్లు ఎందుకు ఆగిపోతాయి?

కారణాలను వైద్యులు రెండు రకాలుగా విభజిస్తారు. ఈ విభజన ముఖ్యం. చికిత్స దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటిది, దారిలో అడ్డు ఉండటం. గుడ్డు మామూలు కంటె పెద్దదిగా, వంకరగా ఉండవచ్చు. రెండు గుడ్లు అతుక్కుని ఉండవచ్చు. వాహికలో పాత గాయం వల్ల ఇరుకు, లేదా కణితి ఉండవచ్చు. అవస్కరం దగ్గర గట్టిపడిన మలం అడ్డుపడవచ్చు. ఇలాంటప్పుడు పాము ఎంత ముక్కినా గుడ్డు కదలదు.

రెండవది, దారి సవ్యంగానే ఉన్నా నెట్టే శక్తి లేకపోవడం. బందీగా ఉన్న పాముల్లో తరచుగా కనిపించేది ఇదే. పాము తన శరీర ఉష్ణోగ్రతను పరిసరాల నుంచే పొందుతుంది. పరిసరాలు మరీ చల్లగా ఉంటే కండరాలు బలంగా సంకోచించవు. మరీ వేడిగా ఉంటే ఒంట్లో నీరు ఆవిరై నిస్త్రాణ వస్తుంది. తాగడానికి నీళ్లు లేకపోతే వాహిక లోపలి జారుడు తగ్గుతుంది. ఇరుకు చోట నెలల తరబడి కదలకుండా పడి ఉన్న పాముకు కండబలం ఉండదు. అతిగా మేపి కొవ్వు పట్టిన పాముదీ అదే పరిస్థితి. వాహికకు సూక్ష్మజీవుల వల్ల వ్యాధి సోకినా ఇలాగే అవుతుంది.

వీటన్నింటితోపాటు మరో కారణం ఉంది. గుడ్లు పెట్టడానికి తగిన మరుగు దొరకకపోతే పాము వాటిని లోపలే ఆపుకుంటుంది. ఎప్పుడూ మనుషులు తొంగిచూస్తూ, మూత తీస్తూ, చేత్తో ఎత్తుతూ ఉంటే దానికి చోటు కుదరదు. అలా ఆపుకున్న కొద్దీ గుడ్లు వాహిక గోడలకు అతుక్కుపోతాయి. ఇప్పుడు మగ్గాల షెడ్డులోని పీపాను గుర్తుచేసుకోండి. రేకుల కప్పు కింద మే నెల ఎండ. నీళ్లు లేవు. తడి లేదు. దాక్కునే చోటు లేదు. రోజంతా చూపరులు. పైన చెప్పిన కారణాల్లో సగానికి పైగా ఆ ఒక్క పీపాలోనే ఉన్నాయి. ప్రకృతిలో తనంత తానుగా తిరిగే పాముల్లో ఈ సమస్య అరుదు. బందిఖానా పరిస్థితులే దీన్ని ఎక్కువగా తెచ్చిపెడతాయి.

ఎలా గుర్తించాలి?

ముందుగా ఒక తేడా తెలుసుకోండి. ఎలుకను మింగిన పాముకు కూడా పొట్ట ఉబ్బుతుంది. ఆ ఉబ్బు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. శరీరం మధ్యభాగంలో ఉంటుంది. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. గుడ్ల ఉబ్బులు శరీరం వెనక భాగంలో, ఒకటి కంటె ఎక్కువ, వరుసగా ఉంటాయి. రోజులు గడిచినా తగ్గవు.

ఇక ప్రమాద సూచనలు ఇవి:

1. కొన్ని గుడ్లు పెట్టి ఆపేయడం, వెనక భాగంలో ఉబ్బులు ఇంకా కనిపించడం.
2. పాము పదేపదే ముక్కుతూ, తోక ఎత్తుతూ ఉన్నా గుడ్డు రాకపోవడం.
3. అవస్కరం వాచి ఉండటం, అందులోంచి రక్తం గాని దుర్వాసన గల ద్రవం గాని రావడం, ఎర్రటి కండ బయటకు జారడం.
4. కుబుసం విడిచిన తరవాత ఆ జాతికి మామూలుగా పట్టే గడువు దాటిపోయినా గుడ్లు పెట్టకపోవడం.
5. మొదట చురుకుగా తిరిగిన పాము క్రమంగా నీరసించి, తాకినా స్పందించకపోవడం.

వీటిలో మొదటి సూచనే ఎక్కువగా మోసం చేస్తుంది. కొన్ని గుడ్లు బయటకు రాగానే పని పూర్తయిందని అనుకుంటాం. మామూలుగా పాము గుడ్లన్నింటినీ సుమారు ఒక రోజులోపే పెట్టేస్తుంది. మొదటి గుడ్డు వచ్చి రెండు మూడు రోజులు దాటినా మిగిలినవి రాకపోతే, ఆ తరవాత ప్రతి రోజూ చికిత్స కష్టమవుతూ పోతుంది. అందుకే మొదటి గుడ్డు కనిపించిన తేదీ, సమయం కాగితం మీద రాసిపెట్టుకోవాలి. వైద్యుడు మొదట అడిగే ప్రశ్న అదే. పాముల సంరక్షణ కేంద్రాల్లో ప్రతి పాముకూ ఒక నమోదు పత్రం ఉండాలనేది కూడా ఇందుకే.

ఆసుపత్రిలో వైద్యుడు పామును వేళ్లతో మృదువుగా తడిమి చూస్తాడు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షల ద్వారా ఎన్ని గుడ్లున్నాయి, ఎక్కడున్నాయి, వాటి పరిమాణం ఎంత అనేవి తెలుస్తాయి. పాము గుడ్డు పెంకులో సున్నం తక్కువ కాబట్టి ఎక్స్‌రేలో కోడిగుడ్డంత స్పష్టంగా కనిపించదు. అయినా ఆకారం తెలుస్తుంది.

చికిత్స ఎలా సాగుతుంది?

చికిత్స మెట్లు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు పరిసరాలను సరిచేయడం. పెట్టెలో ఒక వైపు వెచ్చగా, సుమారు 30 డిగ్రీల సెల్సియస్, మరో వైపు కాస్త చల్లగా ఉండేలా చూస్తారు. తనకు కావలసిన చోటును పామే ఎంచుకుంటుంది. గోరువెచ్చని లోతు తక్కువ నీటిలో కొంతసేపు ఉంచుతారు. లోపల తడిపిన కొబ్బరిపొట్టు వేసిన, మూత గల చిన్న పెట్టెను గూడుగా అమర్చుతారు. తరవాత ఎవరూ కదిలించకుండా వదిలేస్తారు. దారిలో అడ్డు లేని పాముల్లో కొన్ని ఇంతటితోనే గుడ్లు పెట్టేస్తాయి. నీరు బాగా తగ్గిన పాముకు వైద్యుడు సూది ద్వారా లవణ ద్రవాలు ఇస్తాడు.

రెండవ మెట్టు మందు. ఆవులు, మనుషుల కాన్పుల్లో వాడే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ గురించి మీరు విని ఉంటారు. దాన్ని పాములకు కూడా ఇస్తారు. అయితే తాబేళ్లలో పనిచేసినంత బాగా పాముల్లో పనిచేయదు. సరీసృపాల శరీరంలో సహజంగా ఈ పని చేసేది ఆర్జినిన్ వాసోటోసిన్ అనే దగ్గరి బంధువు లాంటి మరో హార్మోన్. ఆక్సిటోసిన్‌ను త్వరగా, అంటే సమస్య మొదలైన రెండు మూడు రోజుల్లోపే ఇస్తే ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. దారిలో అడ్డు ఉన్నప్పుడు ఈ మందు ఇస్తే వాహిక చిరిగిపోవచ్చు. కారణాన్ని రెండు రకాలుగా విభజించడం ముఖ్యమని ముందే ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైంది కదా?

మూడవ మెట్టు గుడ్డును చిన్నది చేయడం. వైద్యుడు పాముకు మత్తు ఇచ్చి, పొట్ట కింది పొలుసుల సందులోంచి గాని, అవస్కరం ద్వారా గాని సూదిని గుడ్డులోకి పంపి లోపలి సొనను లాగేస్తాడు. గుడ్డు గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుపోతుంది. తరవాత ఒకటి రెండు రోజుల్లో అది బయటకు రావాలి. రాకపోతే శస్త్రచికిత్స చేయాలి. సొన శరీర కుహరంలోకి కారితే వాపు, చీము వస్తాయి కాబట్టి ఇది అనుభవం గలవారే చేయవలసిన పని.

నాలుగవ మెట్టు శస్త్రచికిత్స. పొట్ట మీది వెడల్పాటి పొలుసులకు కాస్త పైన, పక్కవైపు చిన్న పొలుసుల వరుసల మధ్య కోత పెడతారు. వాహికను తెరిచి గుడ్లు తీసి కుట్లు వేస్తారు. పాము పొడవైనది కాబట్టి ఒక్కోసారి రెండు మూడు చోట్ల కోతలు అవసరమవుతాయి. సరీసృపాల చర్మం నెమ్మదిగా మానుతుంది. కుట్లు ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు ఉంచవలసి వస్తుంది.

చేయకూడని పని ఒకటుంది. పొట్టను చేత్తో నొక్కి గుడ్డును వెనక్కు తోయాలని కొందరు ప్రయత్నిస్తారు. దీనివల్ల గుడ్డు లోపలే పగలవచ్చు, వాహిక చిరగవచ్చు, కొన్నిసార్లు వాహికే బయటకు జారవచ్చు. తేలికపాటి సవరింపు కూడా శిక్షణ పొందిన వైద్యుని చేతుల్లోనే జరగాలి. ఇక విషపు పామైతే చెప్పనక్కర లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగూ గుజరాత్‌లో ఉన్నాయి. జబ్బుపడిన పాము కూడా కాటు వేయగలదు.

ఇప్పుడు మన జెర్రిపోతు సంగతి. అటవీశాఖకు తెలియజేసి వైద్యుని దగ్గరకు చేర్చాం. ఎక్స్‌రేలో మూడు గుడ్లు కనిపించాయి. ముందు నీరు పట్టించి, తరవాత సూదితో సొన తీశారు. మరునాటికి రెండు గుడ్లు వచ్చాయి. మూడవది వాహికకు అతుక్కుని లోపలే కుళ్లిపోయింది. శస్త్రచికిత్స చేశారు గాని, అప్పటికే వ్యాధి ఒళ్లంతా పాకింది. మరుసటి రోజు అది చనిపోయింది. "నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు వైద్యుడు. నాలుగు రోజుల ముందు అంటే, అందరం గండం గడిచిందనుకున్న రోజు.

పెట్టిన గుడ్లను ఏం చేయాలి?

కోడి తన గుడ్లను తిప్పుతూ ఉంటుంది. పాము గుడ్డును తిప్పకూడదు. పెట్టిన కొద్దికాలానికే పిండం పెంకు లోపలి పైభాగానికి అంటుకుంటుంది. తరవాత గుడ్డును తలకిందులు చేస్తే పిండం చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే సంరక్షకులు ప్రతి గుడ్డు పైభాగాన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, అదే స్థితిలో తేమగల కొబ్బరిపొట్టులో ఉంచుతారు. మెత్తని పెంకు గుండా గుడ్డు నీటిని పీల్చుకుంటుంది. పొడిగా ఉంచితే సొట్టపడి ఎండిపోతుంది. నాగుపాము, జెర్రిపోతు గుడ్లు పొదగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

కొండచిలువ అయితే గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తుంది. 1841లో పారిస్‌లో వలెన్సియెన్ అనే శాస్త్రవేత్త బందీగా ఉన్న కొండచిలువ చుట్టల మధ్య ఉష్ణోగ్రత కొలిచి ఈ సంగతిని బలపరిచాడు. అంతకుముందు ఇలాంటి మాట చెప్పినవారిని చాలామంది నమ్మలేదు.

పీపాలోని ఆ ఐదు గుడ్లను చూపరులు చేతుల్లోకి తీసుకుని చూశారు, తిప్పారు, అడుగున పొడిగా వదిలేశారు. ఒక్కటీ బతకలేదు.

మనం చేయవలసింది ఏమిటి?

మన దేశంలో పాములు వేర్వేరు కారణాల వల్ల మనుషుల అధీనంలో ఉంటాయి. జంతు ప్రదర్శనశాలల్లో ప్రదర్శనకు, విషం సేకరించే కేంద్రాల్లో మందు తయారీకి ఉంచుతారు. చెన్నై సమీపంలోని ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం 1978లో ఏర్పడింది. సూరత్‌కు దక్షిణాన వల్సాడ్ జిల్లా ధరంపూర్‌లో పాముల పరిశోధన సంస్థ ఉంది. ఇలాంటి చోట అనుమతి, వైద్యుడు, నమోదు పత్రాలు ఉంటాయి. పీపాలోనో, బుట్టలోనో బంధించిన పాముకు ఇవేవీ ఉండవు.

మన దేశపు పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి కొన్ని విదేశీ పాములను కలిగి ఉన్నవారు 2024లో వచ్చిన నియమాల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. వాటికి పిల్లలు పుట్టినా తెలియజేయాలి.

డిండోలిలోని మన పిల్లలకు నాగుల పండుగ రెండుసార్లు వస్తుంది. మనం శ్రావణ శుద్ధ పంచమినాడు జరుపుకుంటాం. గుజరాతీలు అదే నెలలో బహుళ పంచమినాడు జరుపుకుంటారు. ఆ రోజుల్లో బుట్టలో పాము తల ఎత్తి పాలు తాగితే మహిమ అనుకుంటాం. పాలు పాము ఆహారం కాదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెట్టిన పాము దాహం తట్టుకోలేక ఏ ద్రవాన్నైనా తాగుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆడపాముకు ఏమవుతుందో మీరిప్పుడే చదివారు.

కాబట్టి పాము కనిపిస్తే దూరంగా నిలబడి, అది పోయే దారి వదలండి. ఇంట్లోకి వస్తే అటవీశాఖకు గాని, శిక్షణ పొందిన రక్షకులకు గాని తెలియజేయండి. గుజరాత్‌లో గాయపడిన మూగజీవాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పట్టిన పామును రక్షకులు చూపరుల కోసం ఉంచకుండా త్వరగా తగిన చోట వదిలేలా చూడండి. వేసవిలో పట్టిన పామైతే "ఇది ఆడదా? గుడ్లతో ఉందా?" అని తప్పక అడగండి.

ఆ తరగతిలో అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇది: "అవుతుందమ్మా. అయితే పాము అరవలేదు. ఎవరో ఒకరు గమనించాలి."

ఆలోచించండి

1. మింగిన ఎలుక వల్ల వచ్చిన ఉబ్బుకు, గుడ్ల వల్ల వచ్చిన ఉబ్బుకు తేడాలు రాయండి.
2. దారిలో అడ్డు ఉన్న పాముకు ఆక్సిటోసిన్ ఎందుకు ఇవ్వకూడదు?
3. కోడిగుడ్డును తిప్పవచ్చు, పాము గుడ్డును తిప్పకూడదు. ఎందుకు?
4. మీ ప్రాంతంలో పాముల గురించి వాడుకలో ఉన్న ఐదు నమ్మకాలు సేకరించి, వాటిలో ఏది నిజమో మీ ఉపాధ్యాయునితో చర్చించండి.